మా ఆయన కనిపెట్టిన గుడ్డ

"లక్షల మంది ఆడవాళ్ళకి పడింది నీ ఒక్కదానికే పడలేదంటే, లోపం సరుకులో ఉందా, నీ ఒంట్లో ఉందా?" అన్నాడు మా ఆయన, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

జవాబు కోసం అడిగింది కాదు కాబట్టి నేను ఆయన ప్యాంటు ఇస్త్రీ చేసి ఇచ్చాను. తొడల మధ్య దద్దుర్లు చిట్లి, అడుగు తీసి అడుగు వేస్తే ఉప్పు రాసినట్టు మండుతోంది. కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తున్నాను. ఆ నడక చూసి ఆయనకు నవ్వొచ్చింది. "బాతులా ఉన్నావు" అన్నాడు. పోతూ పోతూ మంచం కింది అట్టపెట్టె లాగి, అందులోంచి ఇంకో రకం ప్యాకెట్ తీసి పరుపు మీద పడేశాడు. "ఇది వాడి చూడు. కొత్తగా సువాసన కలిపారు. ఖరీదైన రకం, ఊరికే మార్చి పారెయ్యకు."

మా ఆయన ఆడవాళ్ళ ప్యాడ్లు తయారు చేసే కంపెనీలో సేల్స్ మేనేజర్. పెళ్ళయిన కొత్తలో ఆ సంగతి స్నేహితురాళ్ళకు కాస్త గర్వంగానే చెప్పుకున్నాను. మిగతా మగవాళ్ళు నోట అనడానికి సిగ్గుపడే మాటను పదిమందిలో గట్టిగా అనగలిగే మనిషి దొరికాడని నా సంబరం. నిజమే, బయట అనేవాడు. కొట్ల వాళ్ళతో, బడుల హెడ్మాస్టర్లతో, హాస్టలు వార్డెన్లతో గంటల తరబడి దాని గురించే మాట్లాడేవాడు. ఇంట్లో మాత్రం దానికి పేరు లేదు. "నీ గోల మొదలైందా?" అని అడిగేవాడు, అంతే. మంచం కింద, బీరువా మీద, అమ్మాయి పుస్తకాల అల్మారా వెనకాల ఎక్కడ చూసినా ఆయన అట్టపెట్టెలే. "నీకేం తల్లీ, ఊరికే వస్తాయి" అనేవారు చుట్టుపక్కల ఆడవాళ్ళు. ఊరికే వచ్చినదాని మీద ఫిర్యాదు చేసే హక్కు ఉండదని వాళ్ళకి తెలియదు.

నేను ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ని. రోజంతా నా పని రక్తంతోనే. రోగులు నన్ను సూదమ్మ అంటారు. "సూదమ్మ చేతిలో నొప్పి తెలియదు" అని వార్డులో చెప్పుకుంటారట. అక్కడ చిన్న గొట్టంలో పట్టిన రక్తానికి కూడా పేరు, వయసు రాసి అంటిస్తాం, ఒలక్కుండా చూసుకుంటాం, చల్లగా దాస్తాం. ఇంటికొస్తే నా రక్తానికి నల్ల కవరు. ఆ కవరు కూడా ఎవరి కంటా పడకుండా, కూరగాయల తొక్కల కింద పెట్టి పారెయ్యాలి.

దద్దుర్లు చీము పట్టేదాకా వచ్చాక మా ఆసుపత్రిలోనే చర్మం డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఆవిడ చూసి, "ఈ ప్లాస్టిక్ మానెయ్. మెత్తటి నూలు గుడ్డ వాడు. శుభ్రంగా ఉతికి బాగా ఎండలో ఆరెయ్. మా అమ్మాయికీ అదే చెప్పాను" అంది. మా ఆయన ఏం అమ్ముతాడో ఆవిడకు చెప్పలేదు. అదే వారంలో ఆసుపత్రి వెనక మురుగు గొట్టం పూడిపోతే, పనివాళ్ళు మూత తీసి గడకర్రతో లాగుతున్నారు. ఉబ్బి, దిండ్లలా ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి ప్యాడ్లు. అంచున నీలం గీత. నేను ల్యాబు కిటికీలోంచి చూస్తూ ఆ గీతను గుర్తుపట్టాను. మా మంచం కింద ఉన్నవే. వాటిని కుప్ప పోసి కిరసనాయిలు చల్లి అంటించారు. పై దూది కాలింది గానీ లోపలి ప్లాస్టిక్ కరిగి నల్లటి ముద్ద అయి అలాగే ఉండిపోయింది. ఆ పొగ సాయంత్రం దాకా ల్యాబులోనే ఉంది. నా ఒక్క ఒంటిలోంచి ఇన్నేళ్ళలో ఎంత కుప్ప తయారయి ఉంటుంది, అది ఇప్పుడు ఏ నేల కింద అలాగే ఉండి ఉంటుంది అని మొదటిసారి ఆలోచన వచ్చింది.

అత్తయ్య పాత కుట్టుమిషన్ దుమ్ము దులిపాను. అమ్మాయి పసిగా ఉన్నప్పటి ఫ్లానెల్ దుప్పటి, ఊచలు విరిగిన గొడుగు. ఫ్లానెల్ పైన, గొడుగు గుడ్డ కింద. పడవ ఆకారంలో కత్తిరించి, రెండు పక్కలా రెక్కలు పెట్టి, ప్రెస్ బటన్లు కుట్టాను. వాడిన నాలుగో నెలకే దద్దుర్లు మాని, చర్మం చర్మంలా అయింది. నెలలో ఆ రోజులు కూడా నావేనని, వాటిలో కూడా నేను కూర్చోవచ్చు, నిలబడవచ్చు, మెట్లెక్కవచ్చునని తెలిసి ఎంత ఆశ్చర్యపోయానో! ముందు చన్నీళ్ళలో నానబెట్టాలి, తరవాతే సబ్బు. వేడినీళ్ళు పోస్తే మరక గట్టిపడుతుంది. ల్యాబులో పనిచేసేదానికి ఇదొకరు చెప్పాలా!

ఆరేయడం దగ్గరే వచ్చింది పేచీ. బాల్కనీ తీగ మీద ఒక్కసారి ఆరేశాను. అత్తయ్య చూసింది.

"ఎదురింటి మగాళ్ళు కాఫీ తాగేది ఇటు చూస్తూనే. నీ పరువు నీకక్కర్లేకపోతే పోనీ, నా కొడుకు పరువేం కావాలి? ఊరందరికీ ప్యాడ్లు అమ్మేవాడి పెళ్ళాం గుడ్డలు ఆరేసుకుంటోందంటే, హోటలు పెట్టినవాడు పక్క హోటల్లో తిన్నట్టుండదూ?"

ఆ మాట కొడుకు చెవిన వెయ్యవద్దని బతిమాలాను. వెయ్యకుండా ఉండటానికి ఆవిడ పెట్టిన షరతు ఒకటే, అవి తన కంటపడకూడదు. అందుకని బాత్రూం తలుపు వెనక, తువ్వాలు కింద ఆరేసేదాన్ని. మందపాటి గుడ్డ, ఎండ తగలదు, గాలి తగలదు. వానల్లో మూడు రోజులైనా తడి వదిలేది కాదు. ఆ తడివే పెట్టుకుని డ్యూటీకి పోయేదాన్ని. ఈసారి వేరే మంట, వేరే మందులు. డాక్టరమ్మ కోప్పడింది. "ఎండలో ఆరెయ్యమని చెప్పానా లేదా? చదువుకున్నదానివేనా నువ్వు?"

మా ఇంట్లో ఎండ కూడా మగవాళ్ళదేనని ఆవిడకెలా చెప్పను?

ఒకరోజు మా ఆయన చేతి రుమాళ్ళు ఆరేస్తూ ఉంటే ఆలోచన తట్టింది. ఎంత చక్కగా పరుచుకుని, ఎంత ధైర్యంగా గాలికి ఊగుతున్నాయి! లోపలి గుడ్డను మందంగా కుట్టబట్టే కదా ఈ తిప్పలు? పల్చటి చతురస్రంగా కుట్టి, మడతలు పెట్టి వాడుకుంటే? రెండు రోజులు కాగితాలు మడతపెట్టి చూశాను. గొడుగు గుడ్డతో పడవలాంటి పై తొడుగు ఒకటి, దానికి రెండు కొనల్లో సన్నటి పట్టీలు. లోపలి గుడ్డ వాటి కింద దూరిపోతుంది. ఉతికేటప్పుడు విప్పితే అచ్చం రుమాలే. అంచు మలిచి కుట్టి, అనుమానం రాకుండా ఒక మూల చిన్న నీలం పువ్వు కూడా వేశాను. తొడుగు దులిపితే తలుపు వెనకే ఆరేది, రుమాలు ఎండలో గంటలో ఆరిపోయేది. అత్తయ్య ముందే, ఎదురింటి మగాళ్ళ ముందే, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేసేదాన్ని. ఓసారి అత్తయ్య తీగ మీద నుంచి ఒకటి లాక్కుని కళ్ళజోడు తుడుచుకుంది. "మెత్తగా ఉందే ఈ రుమాలు, ఎక్కడ కొన్నావు?" అంది. నేను ఏదో కొట్టు పేరు చెప్పాను. అప్పటినుంచి అది ఆవిడకు అలవాటైంది. ఆ ఇంట్లో నేను అంత సంతోషపడిన రోజు ఇంకోటి గుర్తులేదు.

అలా నాలుగైదేళ్ళు గడిచాయి. ల్యాబులో పెద్ద నర్సుకు ఒక జత కుట్టిచ్చాను. మా అమ్మాయి పెద్దమనిషి అయితే దానికీ కుట్టాలని మెత్తటి గుడ్డ దాచాను. అది మాత్రం నన్ను మిషన్ దగ్గర చూస్తే ముక్కు ముడుచుకునేది. "ఛీ, మళ్ళీ ఆ గుడ్డలేనా అమ్మా. నాన్న తెచ్చినవి ఉండగా!"

ఒకరోజు మా ఆయన తొందరలో తీగ మీది రుమాలు జేబులో కుక్కుకుని వెళ్ళిపోయాడు. నేను అప్పటికే బస్సులో ఉన్నాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి బీరువాలోని నా బట్టలన్నీ నేల మీద ఉన్నాయి. ఆయన వాటి మధ్య నిలబడి ఉన్నాడు.

"డీలర్ల మీటింగులో దీంతో మొహం తుడుచుకున్నాను!" అన్నాడు. ఆయన గొంతు అంత సన్నగా పలకడం ఎప్పుడూ వినలేదు. "పక్కన కూర్చున్న డీలరు చూసి, సార్, ఆ రుమాలు మీద ఆ మరకేమిటని అడిగాడు. మరక! తిప్పి చూస్తే పువ్వు! ఇంటికొచ్చి అమ్మనడిగితే అప్పుడు చెప్పింది నీ గుడ్డల భాగోతం. బీరువాలో వెతికితే దీని తొడుగులు దొరికాయి."

అత్తయ్య గుమ్మంలో నిలబడి, కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని ఉంది. ఏళ్ళ తరబడి ఏం తుడుచుకుందో అప్పుడే అర్థమైనట్టుంది. నేను పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాను. అదొక్కటే తప్పు చేశాను. ఆయన చూశాడు.

దొరికినవన్నీ మూటగట్టి, నా ఎదుటే, వీధి చివరి చెత్తబండిలో వేసి వచ్చాడు. "ఈ నెల ఏం చేస్తావో చూస్తాను. నా ఇంట్లో నా కంపెనీ సరుకే వాడాలి" అన్నాడు. ఆ నెల ఆయన కంపెనీ సరుకే వాడాను. మూడో రోజుకల్లా పాత దద్దుర్లు పాత చోటే లేచాయి. ల్యాబులో స్టూలు మీద కూర్చోలేక, నిలబడే రోగుల చేతులకు సూదులు గుచ్చాను. "ఈరోజు సూదమ్మ చెయ్యి వణుకుతోంది" అన్నాడు ఒక ముసలాయన. నా చేతిలో నొప్పి తెలిసింది ఆయనకు.

అన్నీ పారేశాడనుకున్నాను. ఒకటి ఉంచుకున్నాడని తరవాతి ఆదివారం తెలిసింది.

ఆ రోజు వాళ్ళ పెద్ద మేడమ్ భోజనానికి వచ్చింది. కంపెనీ మొత్తానికి అమ్మకాలు చూసే మనిషి. నెరిసిన పొట్టి జుట్టు, ఉంగరం కూడా లేని చేతులు. ఆయన కింద పనిచేసే కుర్రాళ్ళు ఇద్దరు కూడా వచ్చారు. పొద్దున లేచింది మొదలు నేను వంటింట్లోనే ఉన్నాను. అందరూ తింటున్నారు. నేను వడ్డిస్తున్నాను. మాటలు కొంచెం చప్పబడ్డాయనుకుంటాను, మా ఆయన మేడమ్‌ని నవ్వించాలనుకున్నాడు.

"మేడమ్, మనకి అసలైన పోటీ కంపెనీ ఎక్కడుందో తెలుసా? మా ఇంట్లోనే!" అని లేచి వెళ్ళి, పొయ్యి మీది గిన్నెలు దించే పట్టకారుతో నా గుడ్డను పట్టుకుని తీసుకొచ్చాడు. తొడుగుతో సహా, పువ్వుతో సహా. కంచాల మధ్య, నీళ్ళ జగ్గు పక్కన పెట్టాడు. "మా శ్రీమతి గారి ఫ్యాక్టరీ. సేల్స్ మేనేజర్ భార్య గారి రహస్య వ్యాపారం!"

కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. ఒకడికి పొలమారింది. అత్తయ్య "రామరామ" అంటూ లోపలికి వెళ్ళిపోయింది. మా అమ్మాయి తల వంచుకుని కంచంలో మెతుకులు లెక్కపెడుతోంది. దాని చెవులు ఎర్రబడ్డాయి. నా చేతిలో కూరగిన్నె ఉంది. గిన్నె అడుగు కాలుతోంది, దించాలని కూడా తోచలేదు. ఉతికిన గుడ్డే, శుభ్రమైన గుడ్డే. అయినా నన్నే విప్పి ఆ బల్ల మీద పెట్టినట్టుంది. నలుగురు తింటున్న చోట.

మేడమ్ నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి ఆ గుడ్డను తీసుకుంది. లోపలిది లాగి, మడతలు విప్పి, మళ్ళీ మడిచింది. వేలితో గొడుగు గుడ్డను రుద్ది చూసింది. తరవాత తన గ్లాసులో నీళ్ళు దాని మీద వంచి, ఎత్తి పట్టుకుని అడుగు చూసింది. ఒక్క చుక్క రాలేదు. కుర్రాళ్ళ నవ్వు ఆగిపోయింది.

"ఎవరు చేశారిది?"

మా ఆయన నోట్లో ముద్ద ఉంది. అది మింగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపే పట్టింది ఆయనకు.

"నేనే మేడమ్. అంటే, ఐడియా నాది. ఇంట్లో కుట్టించాను, ట్రయల్ కోసం."

"ఇప్పుడే శ్రీమతి గారి ఫ్యాక్టరీ అన్నారు?"

"మీరెలా తీసుకుంటారో చూద్దామని మేడమ్."

"మళ్ళీ మళ్ళీ వాడే రకం కోసం బయటి వాళ్ళకి అంతంత డబ్బు పోసి డిజైన్లు గీయిస్తున్నాం. ఒక్కటీ ఇలా లేదు." ఆవిడ గుడ్డను ఇంకోసారి విప్పింది. "ఇది ఇలా విప్పుకునేలా ఎందుకు పెట్టారు?"

మా ఆయన ఆ పూట మొదటిసారి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. బీరువా తాళం ఎక్కడుందని అడిగే చూపు. నేను నోరు తెరిచాను.

"ఆరడానికి మేడమ్, గాలి తగలాలి కదా" అన్నాడు గబగబా. నాతో, "మేడమ్ కంచం ఖాళీగా ఉంది, కూర వెయ్యి" అన్నాడు.

నేను కూర వేశాను.

వాళ్ళు వెళ్ళాక అడిగాను, అలా ఎందుకు చెప్పారని. ఆయన చాలా నెమ్మదిగా, ప్రేమగానే అన్నాడు. "పిచ్చిదానా, నువ్వు చెబితే ఎవరు వింటారు? నేను వేరూ నువ్వు వేరూనా? నాకొచ్చేది ఈ ఇంటికి రాదా?" మర్నాడు ఒక తాను గుడ్డ తెచ్చి మిషన్ పక్కన పెట్టాడు. "ఒక డజను కుట్టు. ఆ పువ్వు మాత్రం వద్దు, చీప్‌గా ఉంది."

కుట్టాను. ఎందుకు కుట్టానంటే ఏం చెప్పను? భయం ఉంది, అలవాటు ఉంది. కానీ వాటి అడుగున ఇంకోటి కూడా ఉంది. చెత్తబండిలోకి పోయిన నా గుడ్డ అంత పెద్దావిడ చేతిలో అటూ ఇటూ తిరగడం చూశాను కదా, ఆ గర్వం.

ఆరు నెలల్లో అది పెట్టెలకెక్కింది. ఆయనకు పెద్ద హోదా, కారు వచ్చాయి. బడుల్లో, కాలేజీల్లో వేదికలెక్కి మాట్లాడేవాడు. ఒక ప్యాడు మట్టిలో కలవడానికి మన మనవల మనవల కాలం కూడా చాలదని, ఆడపిల్ల జీవితం మొత్తం మీద వీటికయ్యే ఖర్చుతో ఒక చదువు చదువుకోవచ్చని, ఒక జత కొని సరిగ్గా ఉతుక్కుంటే ఏళ్ళ తరబడి వస్తుందని చెప్పేవాడు. అంతా నిజమే. ఒక్క అబద్ధం లేదు. మురుగు గొట్టం సంగతి, కరగని నల్లటి ముద్ద సంగతి కూడా చెప్పేవాడు, కిటికీలోంచి తానే చూసినట్టు. అవన్నీ రాత్రి భోజనాల దగ్గర ఆయన అడిగితే నేను చెప్పినవి. "ఇంకేమైనా ఉంటే చెప్పు" అనేవాడు, నా మాట అంత శ్రద్ధగా పెళ్ళయ్యాక ఎప్పుడూ వినలేదు. అత్తయ్య ఇరుగుపొరుగును పిలిచి బాల్కనీలో ఆరేసినవి చూపించేది. "మా అబ్బాయి బుర్ర!" అనేది. ఎదురింటి మగాళ్ళకు కూడా చూపించింది.

పెట్టె ధర మాత్రం మా వార్డులు తుడిచే ఆయాల నెల జీతంలో మంచి ముక్క. "డబ్బు మిగులుతుందంటారు గానీ అక్కా, మిగలాలంటే ముందు ఉండాలి కదా" అంది ఒక ఆయా, పెట్టె మీది బొమ్మ చూసి నవ్వి. తడి గుడ్డలు, చిరిగిన గుడ్డలు, పారేసిన బ్యాండేజీ ముక్కలు వాడే మనుషులు వాళ్ళు. నా దగ్గరికి పరీక్షలకొస్తారు. వాళ్ళ ఇన్ఫెక్షన్లు నా గాజుపలకల మీదే చూస్తాను.

ఆ రోజుల్లోనే మా అమ్మాయి బడిలో వ్యాసం రాసింది. 'మా ఇంట్లో గొప్ప మనిషి' అని. టీచరు అందరి ముందు చదివించిందట, బహుమతి ఇచ్చిందట. ఎగురుకుంటూ వచ్చి నాకు వినిపించింది. ఆడవాళ్ళ బాధ చూడలేక నాన్న పగలూ రాత్రీ కష్టపడి ఎలా కనిపెట్టాడో రాసింది. "అమ్మ నాన్నకు కాఫీ పెట్టి ఇచ్చి సాయం చేసేది" అని కూడా ఉంది అందులో.

"నేను కుట్టడం నువ్వు చూశావు కదమ్మా, ఏళ్ళ బట్టి?" అన్నాను.

"చూశాను."

"మరి?"

"కానీ నాన్న చెప్పారు కదా" అంది. అబద్ధం చెబుతున్న మొహం కాదు. దానికి అది నిజంగానే సరిపోయింది. కళ్ళతో చూసినదానికన్నా నాన్న నోటి మాట బరువైనదని మేం ఇద్దరం కలిసే దానికి నేర్పాం. ఆయన మాట్లాడి నేర్పాడు, నేను కూర వడ్డించి నేర్పాను.

మర్నాడు సెలవు పెట్టి పెద్ద మేడమ్ ఆఫీసుకు వెళ్ళాను. లోపలికి పిలిచేదాకా చాలాసేపు కూర్చోబెట్టారు. ఆవిడ నన్ను వెంటనే గుర్తుపట్టింది. మొత్తం చెప్పాను. విని, ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది.

"నాకు ఆ రోజే తెలుసమ్మా" అంది. "మీ ఆయనకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. నీ మొహం చూశాను, నీ వేళ్ళు చూశాను."

"తెలిసి కూడా ఏమీ అనలేదేం?"

"నాకు కావలసింది గుడ్డ. ఎవరు కుట్టారన్నది మీ ఇంటి గొడవ. మీ ఆయన అమ్మగలడు, నువ్వు అమ్మలేవు. నేనూ ఇక్కడిదాకా ఊరికే రాలేదు. నా పనికి కూడా చాలామంది మగాళ్ళు తమ పేర్లు పెట్టుకున్నారు. ఏడుస్తూ కూర్చోలేదు." ఆవిడ గొంతులో కోపం లేదు, నాతో తగువు లేదు. అదే భరించలేకపోయాను. "పోనీ ఒకటి చెప్పు. అది అలా విప్పుకునేలా ఎందుకు పెట్టావు? ఆరడానికి మాత్రమే కాదు, అవునా?"

నన్ను ఒక మనిషి ఒక మాట అడిగింది కదా అని చెప్పాను. బాత్రూం తలుపు వెనక తడి గుడ్డల సంగతి, అత్తయ్య షరతు సంగతి. రుమాలనుకుంటారని, ఎవరికీ తెలియదని అలా కుట్టానని.

ఆవిడ కళ్ళు మెరిశాయి. పక్కన కూర్చున్న తన అసిస్టెంటుతో, "ఎవరికీ తెలియదు. బాగుంది. కొత్త ప్రకటనకి అదే వాక్యం. రాసుకో" అంది.

మెట్లు దిగేటప్పుడు నాకు ఏడుపు రాలేదు. నా పని తీసుకున్నారు, పేరు తీసుకున్నారు. ఇప్పుడు ఆ తలుపు వెనక నేను పడ్డ సిగ్గును కూడా తీసుకుని పెట్టె మీద అచ్చేస్తారు. ఇక వాళ్ళ దగ్గర నాకు అడిగేది ఏమీ మిగలలేదు. అడిగేది లేకపోతే భయం కూడా ఉండదని ఆ మెట్ల మీదే తెలిసింది.

మా ల్యాబులో చేతి తొడుగులు వచ్చే అట్టపెట్టెలు ఎప్పుడూ పడి ఉంటాయి. ఆ అట్టతో తొడుగు ఆకారం కత్తిరించాను. మధ్యాహ్నం భోజనాల వేళ పెద్ద నర్సు గదిలో నలుగురు ఆయాల్ని కూర్చోబెట్టి చూపించాను. పాత దుప్పటి చాలు. గొడుగు గుడ్డ లేకపోతే చిరిగిన వానకోటు. మిషన్ లేకపోతే చేతి కుట్టు. ముందు చన్నీళ్ళు, తరవాత సబ్బు, ఆపైన ఎండ. "ఎండలో బాహాటంగా ఆరెయ్యండి. ఎవరైనా ఏమిటని అడిగితే ఏమిటో చెప్పండి" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. మర్నాడు పదిమంది వచ్చారు. అట్టముక్కలు ఇళ్ళకు తీసుకెళ్ళి అక్కాచెల్లెళ్ళకు, వదినలకు, కోడళ్ళకు కత్తిరించి ఇచ్చారు. బట్టల మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు గేటు దగ్గర నా కోసం నిలబడ్డారు. నర్సింగు హాస్టలు పిల్లలు తరగతి గదిలోనే కత్తెర్లు పట్టుకుని కూర్చున్నారు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. కొన్ని నెలల తరవాత ఒక ఆయా పరీక్షకొచ్చి చెయ్యి చాపుతూ, "ఈసారి నెలకి ఆ ఖర్చు లేదక్కా, పిల్లకి చెప్పులు కొన్నాను" అంది. ఆవిడ రిపోర్టు కూడా శుభ్రంగా వచ్చింది.

మా ఆయనకు తెలియడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి పెందలాడే వచ్చాడు. అత్తయ్య, అమ్మాయి హాల్లోనే ఉన్నారు. నేను బల్ల మీద అట్టముక్కలు కత్తిరిస్తున్నాను. దాచలేదు.

"ఈ చుట్టుపక్కల సరుకు కదలడం లేదని మేడమ్ నా మొహం మీద ఫైలు విసిరింది" అన్నాడు. "ఎవరో ఇళ్ళల్లో కుట్టేసుకుంటున్నారంటే ఎవరా అనుకున్నాను. నువ్వా! నీకు తిండి పెట్టే చేతిని నువ్వే నరుకుతున్నావు, తెలుస్తోందా?"

"నాకు జీతం వస్తుంది" అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. ప్రేమగా మాట్లాడే గొంతు అది. "చూడు, ఆ డిజైన్ కంపెనీది. రిజిస్టరైంది. అచ్చం అలాగే కుట్టడం, కుట్టడం నేర్పడం నేరం. మేడమ్ లాయరుతో మాట్లాడింది, నీ మీద కేసు వేస్తారు. నా పెళ్ళాం అని కూడా చూడరు. ఇవన్నీ తగలబెట్టెయ్. నీ సొంతానికైతే రెండు మూడు కుట్టుకో, నేను మేడమ్ కాళ్ళావేళ్ళా పడి పర్మిషన్ తెస్తాను."

"విను తల్లీ, వాడు నీ మంచికే చెబుతున్నాడు" అంది అత్తయ్య.

అమ్మాయి పుస్తకం మూసి నా చేతుల వైపు చూస్తోంది. కత్తెర ఆపుతానా ఆపనా అని చూస్తున్నట్టుంది. నేను చేతిలో ఉన్న ముక్కను చివరిదాకా కత్తిరించి, అంచు వేలితో సరిచేసి, మిగతావాటి మీద పెట్టాను.

"వెయ్యమనండి కేసు" అన్నాను. "ఈ గుడ్డ కుట్టింది ఫలానా ఆవిడ అని ఇన్నాళ్ళకి మీ కంపెనీ కేసు కాగితాల మీద తన చేత్తో రాస్తుంది. నా పేరు మాత్రం తప్పుల్లేకుండా రాయమనండి."